స్వయంవహ యంత్ర మాహాత్మ్యము

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపుచ్చుకొను అనంతపురం పీఠభూమిపై, ఒక బోరు ఎండగా మరియొకటి వేయించి, అదియు ఎండగా అప్పుపత్రముతో నిలిచిన రైతునొద్దకు, కరెంటు అక్కరలేని మోటారును చంకనిడుకొని పరోపకారపరాయణుడొకడు అప్పుడప్పుడు అవతరించుచుండును. ఒక్కమారు కరెంటు తగిలించిన చాలునట! మోటారు నీటిని తొట్టికెత్తును. తొట్టినీరు చక్రమును త్రిప్పును. చక్రము కరెంటు పుట్టించును. ఆ కరెంటు మోటారును నడుపగా మిగిలినది ఇంటిదీపములకు. ఇంతటి పుణ్యయంత్రమునకు బల్లక్రింద తెర యేల కట్టిరని అడుగుట మాత్రము అమర్యాద.

ప్రాచీన ప్రమాణము కావలెనన్న అదియు సిద్ధమే. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో, ఆకులయందు పాదరసము నింపిన స్వయంవహ చక్రమును వర్ణించెను. వర్ణించిన మాట నిజమే. నాటినుండి నేటివరకు ఆ చక్రము ఎవని మడికిని నీరు పెట్టిన జాడ లేదు. పారిసు విజ్ఞాన పరిషత్తు 1775లోనే విసిగి, ఇట్టి యంత్రముల ప్రతిపాదనలను ఇక పరిశీలింపబోమని తలుపు మూసికొన్నది.

లేని శక్తి ఎక్కడనుండి వచ్చెనని ఎవరైన నిలదీసినచో, వీరిలో చతురుడైనవాడు తడబడడు. "శక్తిని పుట్టించడం లేదప్పా, వృథాగా పోయే వేడినే వెనక్కి పట్టుకుంటున్నాం" అనును. శాస్త్రము బాగుగ వంటబట్టినవాడని సభ తల యూపును.

విత్తనాల వేళ పల్లె వసారాలలో ఆడువారు బుడ్డలొలిచి, చేటలో గింజలేరుటను ఈ మహాశయుడు చూచియే యుండును. గట్టి గింజలు పది, పుచ్చు గింజలు పది కలిపి ఒక వరుసగా పేర్చినచో, గట్టివి పుచ్చువి కలిసి పడు విధములు 1,84,756. గట్టివన్నియు ఎడమకు, పుచ్చువన్నియు కుడికి చేరు విధము వానిలో ఒక్కటే. చేటను కుదిపినకొలది గింజలు కలగాపులగమగుటకు కలియుగ ధర్మము వరకు పోనక్కరలేదు, ఈ లెక్క చాలును. ఇరువది గింజలకే ఇంత యైనచో, 18 గ్రాముల గ్రుక్కెడు నీటిలోని అణువుల సంఖ్యకు ఆరు వ్రాసి ఇరువదిమూడు సున్నలు చేర్చవలెను. యంత్రపు ఒరపిడిలో పుట్టిన వేడి ఇట్టి అణువుల అడ్డదిడ్డపు పరుగులలో చెదరిపోవును. అవి యన్నియు ఒక్కుమ్మడిగా కూడబలుకుకొని చక్రమును ఒకే దిక్కునకు త్రోయునని నమ్మువాడు, చేట కుదిపి విత్తనము ఏరుకొనవచ్చునని గూడ నమ్మవలెను. బోల్ట్స్‌మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1877లో తేల్చినది ఈ విధముల లెక్కయే. వియన్నాలో అతని సమాధిపై చెక్కియున్న సూత్రమును ఇదియే.

మరి ఆ ఆడువారు గింజలను వేరుచేయుచునే యున్నారు గదా యందురేమో! అందులకే వారు సంగటి తిందురు, సాయంకాలము కూలి అడుగుదురు; చేటలో కుదిరిన క్రమమునకు మించిన అక్రమమును తమ యొంటివేడిగా గాలిలో విడుతురు. కూలి అడుగని క్రమము లోకమున లేదు. రామగిరి కొండలమీది గాలిమరలకు ఆ కూలిని గాలి యిచ్చుచున్నది, నంబులపూలకుంట సోలారు పలకలకు ఎండ యిచ్చుచున్నది. ఈ సీమకు ఎండ కరవు ఎన్నడును రాలేదు గదా!

కావున రైతు సోదరులారా, బయానా చేతబెట్టుటకు ముందు ఆ బల్లక్రింది తెర తొలగించి చూడుడు. స్థిరపడిన ప్రకృతి నియమములకు స్పష్టముగ విరుద్ధమైన దానిని నూతన కల్పనగా ఎంచరాదని మన 1970 నాటి పేటెంట్ల చట్టము మూడవ సెక్షనులోనే వ్రాసియున్నది.