గొట్టం తిప్పితే లాహోర్

మా రోజుల్లో లాహోర్ చూడ్డానికి వీసా అక్కర్లేదు. మేడ మీద ఇనప గొట్టానికి కట్టిన యాంటెన్నాని పడమటికి తిప్పితే చాలు. 1980ల నడుమ బ్యాంకు ఉద్యోగం నన్ను అమృత్‌సర్‌లో పడేసింది. అక్కడికి లాహోర్ 50 కిలోమీటర్లు. ఊళ్ళో తరచూ కర్ఫ్యూ, సాయంత్రమైతే ఇంకెక్కడికి పోతాం? పైన ఒకడు గొట్టం తిప్పేవాడు, కింద ఒకడు "వచ్చింది, వదిలెయ్" అని అరిచేవాడు, పంజాబీలో అనుకోండి.

లాహోర్‌లో పాకిస్తాన్ సర్కారు టీవీ, అంటే పీటీవీ, 1964లోనే మొదలైంది. అమృత్‌సర్‌కి మన దూరదర్శన్ వచ్చింది 1973లో. అందాకా అక్కడ టీవీ కొన్నవాడికి పొరుగు సర్కారే దిక్కు. హైదరాబాదులో చదువుకున్నవాణ్ణి గనక ఉర్దూతో నాకు పేచీ లేదు. పీటీవీలో హసీనా మొయిన్ రాసిన 'తన్‌హాయియాఁ' అనే సీరియల్ వచ్చేది. అమ్మానాన్నలు పోయిన అక్కాచెల్లెళ్ళు, చేజారిన ఇంటిని తిరిగి కొనుక్కోవాలని అక్క పడే తాపత్రయం. ఉరుముల సంగీతం లేదు, ఒక్కో మొహాన్ని మూడేసిసార్లు చూపించడం లేదు. మొత్తం 13 భాగాలు. కథ అయిపోయింది, ఆపేశారు! ఈ మాట మా కోడలు నమ్మదు. తను చూసే సీరియల్లో కోమాలో ఉన్నాయన ఇంకా లేవలేదు మరి.

అటువాళ్ళూ తక్కువ తినలేదు. 1965 యుద్ధంతో అక్కడ మన సినిమాలు బందయ్యాయి. అమృత్‌సర్ దూరదర్శన్ 'మొఘల్-ఎ-ఆజమ్' వేసినప్పుడు కరాచీ నుంచి కూడా జనం లాహోర్‌లో చుట్టాల ఇళ్ళకి చేరారని నేను వెళ్ళేనాటికీ ముచ్చటగా చెప్పుకునేవారు.

వార్తలంటారా, రెండు వైపులా సర్కారు భజనే. అటు అధ్యక్షుడు జియావుల్ హక్, ఇటు మన మంత్రులు. కాని ఆ భజన ఒక్క మనిషి, మంచి భాషలో, నెమ్మదిగా చేసేవాడు. ఇప్పుడు ఎనిమిది గళ్ళలో ఎనిమిది మంది ఒక్కసారే అరుస్తారు. పొరుగుదేశం గురించి అన్నీ తెలిసినట్టే మాట్లాడతారు, అక్కడి వంటిల్లు ఎలా ఉంటుందో ఒక్కడికీ తెలీదు. మాకు తెలుసు, ప్రతి వారం చూశాం.

2019లో పాకిస్తాన్‌వాళ్ళు మన సినిమాలను మళ్ళీ నిషేధించారు. 2025లో మనవాళ్ళు వాళ్ళ నాటకాల యూట్యూబ్ చానళ్ళు ఆపేశారు. పగలు అప్పుడు మాత్రం లేవా? అయినా యాంటెన్నా ఎటు తిప్పావని నన్నడిగిన పోలీసు లేడు. మా మనవడు వీపీఎన్ అని ఏదో చెబుతున్నాడు. పక్కింటి నాటకం చూడ్డానికి నేను నెదర్లాండ్స్‌లో కూర్చున్నట్టు నటించాలట. ఈ వయసులో!