మా ఇంట్లో బొద్దింకకున్న భద్రత

చదువుకునే పిల్ల ఉన్న ఇల్లు ఎలా ఉండాలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి లైటు వెలగాలి. పిల్ల పైకి చదవాలి, ఆ చదువు వీధి చివరిదాకా వినపడాలి. తల్లి పాలగ్లాసు తెచ్చి పెట్టాలి. తండ్రి టీవీ సౌండు తగ్గించి, ఆస్తి రాసిచ్చినంత మొహం పెట్టుకుని కూర్చోవాలి. అంతకుమించి తండ్రిని ఎవరూ ఏమీ అడక్కూడదు. నా ఇంటర్ అలాగే గడిచింది. నాది ఏ గ్రూపో మా నాన్నకి చివరిదాకా సరిగ్గా తెలీదు. ఆయన సుఖపడ్డాడు.

మా అమ్మాయి బైపీసీ సెకండియర్. ముందు బోర్డు పరీక్షలు, వాటి వెనకే నీట్. ఇంత ముంచుకొస్తుంటే పిల్ల ఏం చేస్తోందయ్యా అంటే, పుస్తకం మూసేస్తోంది. తీసి చదివేది కాసేపు, మూసి కూర్చునేది చాలాసేపు. "చదవవేమే" అంటే "చదువుతున్నా కదా నాన్నా" అంటుంది, గోడకేసి చూస్తూ.

ఆరా తీస్తే, కాలేజీలో జువాలజీ మేడమ్ చెప్పారట: మళ్లీ మళ్లీ చదివితే రివిజన్ కాదు, మూసేసి గుర్తు తెచ్చుకుంటేనే రివిజన్ అని. నేను ఊరుకుంటానా, రుజువేదీ అన్నాను. రుజువు సిద్ధంగానే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పాఠం ఇచ్చి, కొందరిచేత మళ్లీ మళ్లీ చదివించారు. కొందరిచేత మాత్రం చదివింది చూడకుండా కాగితం మీద పెట్టించారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే తిరగేసి చదివినవాళ్లే గెలిచారు. వారం ఆగి పెడితే చూడకుండా రాసినవాళ్లు గెలిచారు. "బోర్డువాళ్లు ఐదు నిమిషాలకే పరీక్ష పెట్టరు కదా నాన్నా" అంది. 2013లో డన్‌లోస్కీ బృందం పది రకాల చదువు పద్ధతుల్ని బేరీజు వేస్తే, తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, ఒకే పాఠాన్ని రోజుల ఎడంతో చూసుకోవడం, ఈ రెండే పై వరుసలో నిలిచాయట. తిరగేసి చదవడమూ, రంగు పెన్నులతో గీతలు కొట్టడమూ అడుగు వరుసలో. ఆ రంగు పెన్నుల సెట్టు దసరాకి కొనిచ్చింది నేనే. ఇప్పుడు మా ఆవిడ వాటితో పాల లెక్క రాస్తోంది.

సరే, శాస్త్రం గెలిచింది, మంచిదే. నా బాధల్లా ఏమిటంటే, పాత పద్ధతికి పిల్లా పుస్తకమూ ఉంటే చాలు. ఈ కొత్త పద్ధతికి మూడో మనిషి కావాలి.

మొదట పెళ్లి శుభలేఖలు పోయాయి. లైట్నర్ అనే ఆయన 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. అట్టముక్కకి ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు. జవాబు తడితే ఆ ముక్క తర్వాతి డబ్బాలోకి, తప్పితే వెనక్కి మొదటి డబ్బాలోకి. మొదటి డబ్బా రోజూ తీయాలి, మిగతావి ఇంకా ఇంకా ఎడంగా. డబ్బాలంటే మా ఇంట్లో స్వీటు డబ్బాలు, అట్టలంటే శుభలేఖలు. హెన్లీ శిక్యం పని ఏమిటి అన్న ప్రశ్న వెనక్కి తిప్పితే, వధూవరుల పేర్ల మధ్య ఖాళీలో జవాబు. ఇంకా జరగని పెళ్లి శుభలేఖ కూడా అందులో పోయింది. ఫంక్షన్ హాలు అడ్రసు నెఫ్రాన్ కింద ఉందని మాకు తెలిసేసరికి అక్కడ భోజనాలు అయిపోయాయి.

తర్వాత వాకిలి పోయింది. పుస్తకం చూడకుండా బొమ్మ గీసి, భాగాలకు పేర్లు పెట్టి, అప్పుడు పుస్తకం తీసి పోల్చి, మర్చిపోయినవి వేరే రంగుతో దిద్దుకోవాలట. ఎనిమిది మార్కుల ప్రశ్నకి బొమ్మ లేకపోతే మార్కులు కోస్తారని నేనూ ఒప్పుకుంటాను. కానీ ధనుర్మాసంలో ఇంటి ముందు ముగ్గుకు బదులు నెఫ్రానా? మర్చిపోయిన భాగాలు ఎర్రరంగులో. పక్కింటావిడ చాలాసేపు చూసి "ఎన్ని చుక్కలు వదినా" అంది. మా ఆవిడకి పాఠం తెలీదు, అయినా గొబ్బెమ్మను తీసుకెళ్లి సరిగ్గా బౌమన్ గుళికలో కూర్చోబెట్టింది.

మా అమ్మ ఒక్కతే ఈ చదువుకు పూర్తిగా లోబడిపోయింది. వంశవృక్షం పాఠం గుర్తుండాలంటే సొంత ఇంటి వంశవృక్షమే గీయాలని పిల్ల మా అందర్నీ కాగితం మీదకి ఎక్కించింది. మగవాళ్లు చతురస్రాలు, ఆడవాళ్లు వృత్తాలు. నేనూ చతురస్రమే, చెయ్యగలిగిందేమీ లేదు. అందర్నీ ఒక్క గీతతో కలిపి, మా అమ్మానాన్నల్ని మాత్రం రెండు గీతలతో కలిపింది. "మాకెందుకే రెండు?" అంది అమ్మ. "మీది మేనరికం కదా నానమ్మా, రక్తసంబంధంలో పెళ్లికి రెండు గీతలే గీయాలి." అమ్మ ఆ కాగితం దేవుడి గదిలో పెట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ చూపించి, తమది డబల్ పెళ్లని చెబుతోంది. మేనరికాల్లో దాగిన జబ్బులు పిల్లల్లో బయటపడే అవకాశం ఎక్కువన్న రెండో పేరా మాత్రం ఆవిడకి ఎవరూ చదివి వినిపించలేదు.

ఇక బొద్దింక. రాత్రి వంటింట్లో అది కనపడగానే మా ఆవిడ చెప్పు ఎత్తుతుంది. "ఆగమ్మా!" అని కేక. చెప్పు గాల్లో ఆగిపోతుంది. బొద్దింక గుండెకి 13 గదులు. రక్తానికి రంగు లేదు, అందులో హీమోగ్లోబిన్ లేదు, కాబట్టి ఆక్సిజన్ మోసే పని దానిది కాదు. గాలి పక్కలనున్న పది జతల శ్వాసరంధ్రాల గుండా వాయునాళాల్లోకి వెళ్తుంది. గుడ్లు ఒక గట్టి పెట్టెలో పెడుతుంది. ఇదంతా పూర్తయ్యేలోపు ఆ పెట్టె పెట్టగలిగిన ప్రాణి స్టవ్ కిందికి వెళ్లిపోతుంది. కాలేజీలో కోసి చూసేవారట ఒకప్పుడు. మా ఇంట్లో వల్లించి వదిలేస్తున్నారు.

దోమ విషయంలోనూ ఇదే న్యాయం. నా ముంజేతి మీద వాలిన దోమను కొట్టబోతే ప్రశ్న: "నాన్నా, అది అనాఫిలిస్ ఆడదే అనుకో, కుట్టినప్పుడు లోపలికి పంపే దశ ఏది? నీ నుంచి తీసుకెళ్లే దశ ఏది?" పంపేది స్పోరోజాయిట్, తీసుకెళ్లేది గామెటోసైట్. పిల్లలు ఈ రెండూ తారుమారు చేస్తారట. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. ఈ గడ్డ మీద దోమ కాటు తినడం విజ్ఞానశాస్త్ర సేవ అనుకోవాలి కాబోలు. నేను జవాబు వెతుక్కునేలోపు దోమ తన పని ముగించుకుంది.

భోజనం దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. ఇడ్లీ నోట్లో పెట్టగానే లాలాజలంలో ఎంజైమ్ ఏదంటుంది. అమైలేజ్ అని చెప్పి చట్నీ అందుకుంటుండగా, క్షయకరణ విభజనలో పాకిటీన్ తర్వాత ఏమొస్తుందంటుంది. జీర్ణక్రియ అడిగావు, అదే పాఠంలో ఉండొచ్చు కదా అంటే, "పరీక్షలో పాఠాల వరసలో అడుగుతారా నాన్నా? కలిపి అడిగితేనే ఏది ఏదో తెలుస్తుంది" అంది. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, 90 ప్రశ్నలకు 360 మార్కులు, జీవశాస్త్రానివే. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. తెలిసినట్టు అనిపించడమే అక్కడ మనిషిని ముంచుతుందట. అందుకని తప్పులకో నోటు పెట్టింది. ప్రతి తప్పు పక్కనా కారణం: తెలియక, తికమకపడి, 'సరికానిది ఏది' అన్న మాట చూడక. ఈ మూడో రకమే ఎక్కువని తేలింది. ఆ నోటు వెనక అట్ట మీద నాకూ ఒక పేజీ తెరిచారని ఈ మధ్యే తెలిసింది.

అన్నిటికన్నా అవమానం నిద్ర. చదివింది మెదడులో కుదురుకోవాలంటే నిద్ర కావాలని రాత్రి పదింటికల్లా పడుకుంటోంది. మా వీధిలో ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లో అర్ధరాత్రి దాటినా లైటు వెలుగుతుంటుంది, మా ఇల్లొక్కటే చీకటి. "మీ పాప సీరియస్‌గా లేదాండీ" అని ఎదురింటాయన సానుభూతి చూపించాడు. ఇంటి పరువు కోసం ఇప్పుడు ఆ టేబుల్ లైటు వేసుకుని ఒంటిగంటదాకా నేను కూర్చుంటున్నాను. ఊరికే కూర్చోలేక ఆ డబ్బాల్లోని అట్టలు తిరగేస్తున్నాను. అది తిరగేసి చదవడమే అట, నాకు పనికిరాదట.

పోనీ గ్రాండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయా, ఇదంతా ఆపించడానికి ఒక్క సాకు దొరుకుతుందా అంటే, అదీ లేదు. పెరిగాయి.

నిన్న రాత్రి అట్ట మీద ప్రశ్న: ధమనిలో ఏ రక్తం ప్రవహిస్తుంది? ఆక్సిజన్ ఉన్న మంచి రక్తం అన్నాను, ధీమాగా. "పుపుస ధమని సంగతేంటి? గుండె నుంచి ఊపిరితిత్తులకు చెడు రక్తమేగా తీసుకెళ్లేది?" మైనస్ ఒకటి. నా అభ్యంతరం పూర్తిగా వినకుండానే ఆ అట్ట మొదటి డబ్బాలో పడింది. అంటే పొద్దున టిఫిన్ దగ్గర మళ్లీ నన్నే అడుగుతారు. మా ఆవిడ పెసరట్టు వేస్తానంది.