ఉచిత పోకర్ వీరుని పద్యమునకు టీకాతాత్పర్యము

మూలము

చేతి ముక్కలైనఁ జిత్తగింపక మున్నె
రాశి యెల్ల నెట్టె రభస మెసఁగఁ
బోవు సొమ్ము లేమిఁ బొందు సొమ్మును లేమి
నుచిత పోకరాడు నుత్తముండు.

అవతారిక

టెక్సాస్ హోల్డెమ్ అను పోకర్ భేదమునకు ఆ రాష్ట్రమందలి రాబ్స్‌టౌన్ జన్మస్థానమని అచ్చటి శాసనసభ 2007లో తీర్మానించినది. ఆ యేఁటనే జింగా పోకర్ ఫేస్‌బుక్ మీఁద వెలసి అడిగినవారికెల్ల చిప్పులు ఊరకే పంచిపెట్ట నారంభించినది. ఆట పుట్టిన చోటు నిర్ణయమగుటయు, ప్రస్తుత నాయకునివంటివారు తండోపతండములుగా బయలువెడలుటయు నొక్క సంవత్సరమునఁ దటస్థించుట వ్యాఖ్యాతల కానందదాయకము; కవి దీనిని గమనించినట్లు తోఁపదు.

ప్రతిపదార్థము

ఉచిత పోకరు ఆడు ఉత్తముండు = రొక్కము పెట్టక పోకరాడెడి మహానుభావుఁడు; పోవు సొమ్ము లేమిన్ = ఓడినను పోవునది లేకపోవుటచేతను; పొందు సొమ్మును లేమిన్ = గెలిచినను చేతికి వచ్చునది లేకపోవుటచేతను; చేతి ముక్కలు ఐనన్ = తనకుఁ బంచిన రెండు ముక్కలనైనను; చిత్తగింపక మున్నె = చూడకమునుపే; రభసము ఎసఁగన్ = కోలాహలము చెలరేఁగునట్లుగా; రాశి ఎల్లన్ = చిప్పుల కుప్పనంతయు; నెట్టెన్ = బల్ల నడుమకుఁ ద్రోసెను.

వ్యాఖ్య

ఒక్కొక్క యాటగానికి రెండేసి ముక్కలు బోర్లించి పంచిన పిదపను, బల్లమీఁద మూఁడు ముక్కలు విప్పి పఱచుటయగు ఫ్లాప్‌నకు ముందును జరుగు పందెమునకుఁ బ్రీఫ్లాప్ పందెమని పేరు. ఏఁబదిరెండు ముక్కల కట్టలో నిట్టి జతలు 1326. గుర్తుల నామములు విడిచి, రెండును ఒకే గుర్తువా కావా యను మాత్రము విచారించినచో 169 రకములు. వానిలో నుత్తమోత్తమమగు ఆసుల జత 221 పంపకములకు సగటున నొక్కతూరి దర్శనమిచ్చును. సొమ్ము పెట్టి యాడువాఁడు వీనిలోఁ బెక్కింటిని వచ్చినవి వచ్చినట్లు ఫోల్డ్ చేసి, అనఁగా విడిచిపెట్టి, కొన్నింటితో మాత్రము పెద్ద బ్లైండునకు, అనఁగా ముక్కలు చూడకమున్నె విధిగాఁ బెట్టు పందెమునకు, రెండున్నర మూఁడింతలుగా రెయిజ్ చేయును, అనఁగాఁ బందెము పెంచును. ఇట్లు చేయుటలో నతని యాశయము కుండను, అనఁగాఁ బందెపు మొత్తమును, నింపుట యొక్కటియే కాదు, గుంపును పలుచన చేయుట కూడను; ఏలన ఆసుల జత యెదుటివాఁ డొక్కఁడే యైనచో నూటికి 85 మారులు గెలుచును గాని, నలుగురు ఎదురు నిలిచినచో 56కును, ఎనమండుగురు నిలిచినచో 35కును దిగజాఱును.

శంక: ముక్కలు చూడక నెట్టినవాఁడు మూఢుఁడు గాఁడా? సమాధానము: అంత తొందరపడి నిందింపరాదు. చూడని ముక్కలు చూడని ముక్కలతోఁ దలపడినపుడు ఇరువురకును సమానమే. గుర్తులు కలియని ఏడు, రెండు అను సర్వాధమమగు జతయు ఒక్క తెలియని జతమీఁద నూటికి 35 మారులు నెగ్గును. మూఁడుసారులలో నొకసారి యిట్లు నెగ్గినవాఁడు తన పద్ధతిని శాస్త్రమని తలఁచుటలో వింత యేమి? రమ్మీలో మొదటి డ్రాప్‌నకు 20 పాయింట్లు చెల్లించుకొన్న తెలుగువానికి మానుకొనుట యననేమో యెఱుక. ఇచ్చట మానుకొన్నను బైకము పోదు, మానకున్నను బోదు.

"రభస మెసఁగ" ననుచోటఁ గవి చూచి వ్రాసినాఁడు. మొదటివాఁడు తెరమీఁది గీఁటును కుడిచివరవఱకు లాగి ఆల్ ఇన్ నొక్కును. రెండవవాఁడు తాను దీసిపోవుదునా యని నొక్కును. మూఁడవవాఁడు వీరిరువురును నొక్కినారు గనుక నొక్కును. రాణుల జత పట్టిన నాలవవాఁడు మాత్రము గడియారము చివర సెకను వచ్చుదాఁక తల గోఁకికొని, పాపము, కాల్ అనును, అనఁగా నంత పందెమును దానును బెట్టును. చిరునవ్వుల బొమ్మలు నాలుగు వైపుల నెగురును.

"పోవు సొమ్ము లేమి" యనుదానిని అందఱును గ్రహింతురు: భయము లేనిచోట బెదరింపు చెల్లదు. "పొందు సొమ్మును లేమి" యనునది కేవలము పాదపూరణమని కొందఱందురు. నే నొప్పను. పద్యమునకు జీవమిదియే. గంటసేపు ఓర్చి, మంచి ముక్కలకై వేచి, నాలుగింతలు చిప్పులు గడించిన వివేకి వానితో నేమి చేయవలెను? పెద్ద బల్లకుఁ బోవలెను. అచ్చటను ఇదే యుత్తముఁడు ఇంతకంటెఁ బెద్దకుప్పతోఁ గూర్చుండియుండును. ఓర్పునకుఁ బ్రతిఫలము లేనిచోట ఓర్పు నిలువదు. దూకుడు నాయకుని స్వభావదోషము గాదు, చిప్పుల వెల. పందెపు సొమ్ముతో నాడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి గనుక, మన పాఠకుల కీ యుత్తమునితోడనే పరిచయ మధికము.

తాత్పర్యము

రొక్కపుటాటలో రెయిజ్ "తొలఁగుఁ" డని చెప్పును. ఉచితపుటాటలో "రం" డని పిలుచును. కావున ఇచ్చట బ్లఫ్ వ్యర్థము. గెలువఁగోరు పాఠకులు ఆసులో, రాజులో, రాణులో జతగా వచ్చుదాఁక, అనఁగా సుమారు 74 పంపకములకొకసారి, ఊరకుండి, ఉత్తముఁడు నెట్టినప్పుడు కాల్ అనవలెను. అతఁడు నెట్టకున్నచోఁ దామే పెద్దమొత్తమునకు రెయిజ్ చేయవచ్చును; ఎవరో యొకరు తప్పక వత్తురు.