బిగించి అతికారు, వదిలి బతికించారు

నేను ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌ని. ఇంజను హెడ్డుకీ టర్బోకీ మధ్య కూర్చుని, నాలుగు సిలిండర్ల పొగని ఒక్కచోటికి చేర్చి టర్బో చక్రం మీదికి తోలడం నా ఉద్యోగం. కంపెనీలో పోతపోస్తే పుట్టినదాన్ని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో ముక్కలు కోసి అతికితే పుట్టాను.

మా కారు 1.3 లీటర్ల పాత పెట్రోలు బండి. దానికి కంపెనీ టర్బో పెట్టలేదు కాబట్టి సరిపోయే మ్యానిఫోల్డ్ బజార్లో దొరకదు. బండిగల కుర్రాడికేమో మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద దాన్ని పరుగు తీయించాలని కోరిక. ఇంజనుకి ఇలాంటి మార్పులు చేసి రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం ఊరుకోదు గనుక మా బండి ట్రాకుకి లారీ మీదే వెళ్తుంది, లారీ మీదే వస్తుంది.

టర్బో కొత్త విద్యేం కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. పొగతో వృథాగా పోయే వేడినీ ఒత్తిడినీ పట్టి ఒక చక్రం తిప్పడం, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో ఇంజనులోకి గాలి దట్టించడం. చిన్న కార్ల టర్బో నిమిషానికి 1,00,000 చుట్లు సునాయాసంగా దాటుతుంది. నా ఒంటి మీద ఎక్కడ సందున్నా ఆ ఒత్తిడి దారిలోనే కారిపోతుంది, టర్బో లేవడానికి బద్ధకిస్తుంది.

నాకంటే ముందు ఆ హెడ్డు మీద ఇంకొకటి ఉండేది. వేరే షెడ్డులో పలచటి సైలెన్సర్ పైపు వంచి గబగబా అతికింది. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మనేది, వేడెక్కాక తగ్గేది. స్టడ్ల చుట్టూ మసి చారలు. కుర్రాడు గ్యాస్కెట్లు మార్చాడు, ఎర్ర సిలికాన్ పూశాడు. ఆ పేస్టు ఓర్చుకునేది 300 డిగ్రీల చుట్టుపక్కలే. పెట్రోలు ఇంజనుని గట్టిగా తొక్కితే పొగ 900 డిగ్రీల దాకా పోతుంది. పూసిందంతా మాడి రాలిపోయింది.

మా మేస్త్రి దాన్ని విప్పి, హెడ్డుకి ఆనే ప్లేటు, అదే ఫ్లాంజ్, దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి ట్యూబులైటు వైపు తిప్పాడు.

“చూడబ్బాయ్, నడుమ ఆనుతోంది, రెండు చివర్లా వెలుతురు కనిపిస్తోంది. ఇంత వంకరకి గ్యాస్కెట్ ఏం చేస్తుంది?”

“మరి పొగంతా వెల్డింగ్ దగ్గర్నుంచి పోతోందన్నారు బాబాయ్?”

“వెల్డింగ్ బానే ఉంది. చల్లారేటప్పుడు అతుకు ముడుచుకుని ప్లేటుని పైపుల వైపు లాగేసింది.”

నా విషయంలో మేస్త్రి ఆ లాగుడికే ముందు కళ్లెం వేశాడు. ఫ్లాంజ్‌కి 12 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు ప్లేటు. ఒంటికి ఫ్యాక్టరీల్లో ఆవిరి లైన్లకి వాడే ఒకటిన్నర అంగుళం స్టెయిన్‌లెస్ ఎల్బోలు, 304 రకం, షెడ్యూల్ 40, గోడ మందం 3.68 మిల్లీమీటర్లు. చవగ్గా వస్తుందని కుర్రాడు జి.ఐ. పైపు తేబోతే, దాని జింకు పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరమేనని వెనక్కి పంపాడు.

పైపు ముక్కల్ని ఒకదానికొకటి వెలుతురు రాకుండా ఆనేదాకా గ్రైండ్ చేశాడు. సందుంటే రాడ్డు ఎక్కువ పడుతుంది, రాడ్డు ఎక్కువ పడితే ముడుచుకోవడమూ ఎక్కువే. ఫ్లాంజ్‌ని స్క్రాపులో కొన్న హెడ్డుకి అన్ని నట్లూ వేసి బిగించాడు. ముందు అంతటా ట్యాకులు, అంటే చుక్క అతుకులు. తర్వాత టిగ్ వెల్డింగ్‌తో ఒక పోర్టు దగ్గర అంగుళం, దానికి దూరంగా ఉన్న పోర్టు దగ్గర ఇంకో అంగుళం. ఒకేచోట నిలబడి కాల్చుకుంటూ పోతే ప్లేటు నూనెలో వేసిన అప్పడంలా తిరిగిపోతుంది. మైల్డ్ స్టీలుకి స్టెయిన్‌లెస్ కలిసేచోట 309ఎల్ రాడ్డు.

పైపుల మూతులకి ఫాయిల్ టేపు చుట్టి లోపల కూడా ఆర్గాన్ నింపాడు. కాలుతున్న స్టెయిన్‌లెస్ వెనకవైపు గాలి తగిలితే నల్లటి పొక్కులు కడతాయి. అవి ఎప్పుడో ఊడితే నేరుగా టర్బో రెక్కల మీదికే. గ్యాస్ సరిగ్గా అందిన చోట అతుకు లేత బంగారు రంగులో తేలింది.

అతకడం అయ్యాక కుర్రాడు స్పానర్ తీస్తే మేస్త్రి లాక్కున్నాడు. ఒళ్లు పూర్తిగా చల్లారాకే నన్ను విప్పారు. అంత కట్టడి చేసినా ఫీలర్ గేజ్‌లో పావు మిల్లీమీటరు రేకు దూరింది. సర్ఫేస్ గ్రైండింగ్‌లో నా ముఖం సాపు చేయించాక 0.05 మిల్లీమీటర్ల రేకు కూడా దూరలేదు.

పోర్టులకి బిళ్లలు బిగించి కంప్రెసర్ గాలి పట్టి సబ్బునీళ్లు పోస్తే, నాలుగు పైపులూ కలిసే మూలలో ఒక్క బుడగ ఉబ్బింది. మేస్త్రి దాని మీద పైపూత వేయలేదు. అక్కడ అతుకు అడుగుదాకా గ్రైండ్ చేసి, నన్ను మళ్లీ హెడ్డుకి బిగించాకే తిరిగి అతికాడు.

అప్పటిదాకా బిగించిన మనిషి ఆ తర్వాత వదలడం మొదలుపెట్టాడు. 40 సెంటీమీటర్ల ఉక్కు ప్లేటు 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. నీళ్లతో చల్లబడే అల్యూమినియం హెడ్డు అంత సాగదు. సాగనివ్వకపోతే నేను స్టడ్లని విరుస్తాను, లేదా నేనే పగులుతాను. అందుకే నడిమి బెజ్జాలు సరిగ్గా ఉంచి చివరి బెజ్జాల్ని కోలగా చేశాడు, పోర్టుకీ పోర్టుకీ మధ్య ఫ్లాంజ్‌ని రంపంతో కోశాడు. టర్బో బరువు నా మెడ మీద వేలాడకుండా ఇంజను బ్లాకు నుంచి బ్రాకెట్ వేశాడు. పొరల స్టీలు గ్యాస్కెట్ పెట్టి, కాగి చల్లారాక నట్లు మళ్లీ చూశాడు.

మసి చారలు లేవు, టిక్కుమనడమూ లేదు. కాగినప్పుడు సాగుతాను, చల్లారితే సర్దుకుంటాను.

ఇప్పుడు కొన్ని కార్లకి మ్యానిఫోల్డ్‌ని హెడ్డులోనే కలిపి పోతపోస్తున్నారు. నా జాతికి పని తగ్గుతోంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడా టర్బోని విడిగా బిగించాల్సిందే, ఆ రెండు ముఖాల మధ్య లెక్క మారదు. నాలాంటిదాన్ని చేయించబోయేవాళ్లు డబ్బు మిగల్చాలనుకుంటే పాలిష్‌లో మిగల్చండి, రంగులో మిగల్చండి. సర్ఫేస్ గ్రైండింగ్ షాపు దగ్గర మాత్రం బేరమాడకండి.