అద్దె ఎడారిలో ఒక రాత్రి

ఎడారి శిబిరం అనగా, సగం ఆయుష్షు ధారపోసి ఇంట్లో పరుపు, ఫ్యాను, కుళాయి అమర్చుకున్న మనిషి, అవి ఉండవని తెలిసిన చోటికి సొమ్ము చెల్లించి మరీ వెళ్లి, చేరిన మరుక్షణమే ఆ మూడూ ఎక్కడున్నాయని విచారించే వినోదం. ఇసుక తిన్నెల నడుమ గుడారాలు వేసి, సాయంత్రం ఒంటె సవారీ, రాత్రి ఆటపాటలు, తెల్లవారితే సూర్యోదయం అనే వరుసలో సాగే ఈ వినోదానికి మన దేశంలో పేరెన్నికగన్న స్థలం, జైసల్మేరుకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ తిన్నెలు. అక్కడికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులు కుటుంబ సమేతంగా బయలుదేరడం మాత్రం, చింతపండు మండీకి పేరుపడిన హిందూపురం నుంచి ఒకడు చింతపండు కోసం రాజస్థాన్ వెళ్లడం వంటిది.

ఈ మూడు ఊళ్లూ చిరకాలం అనంతపురం జిల్లాలో ఉండినవి. ఆ జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు కాగా, కరువులో జైసల్మేరు తరువాతి స్థానం తమదేనని అక్కడి బడిపిల్లలు సైతం ఒకవిధమైన గర్వంతో అప్పజెబుతారు. దీనికి మూలం వర్షచ్ఛాయ, అంటే కొండలు అడ్డుపడి మేఘంలోని నీరంతా అవతలి వాలు మీదనే కురిసిపోగా ఇవతలి వారికి పొడిగాలి మాత్రమే దక్కడం. నైరుతి ఋతుపవనం పడమటి కనుమల దగ్గరే వడ్డన ముగిస్తుంది, ఈశాన్య ఋతుపవనం కోస్తాకు వడ్డించి వచ్చేసరికి గిన్నె అడుగంటుతుంది. రెండు పంక్తుల్లోనూ చివరి విస్తరి అనంతపురానిదే.

వాన రాకపోయినా గాలి వస్తుంది. వేదవతికే హగరి అని మరో పేరు. ఎండిన ఆ ఏటి ఇసుకను జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే పడమటి గాలి ఎత్తి పోయగా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో, ముఖ్యంగా దర్గా హొన్నూరు ప్రాంతంలో, నిజమైన ఇసుక దిబ్బలే ఏర్పడ్డాయి. ఇసుక రేణువు పక్షిలా ఎగరదు, గంతులు వేస్తుంది. జానెడు ఎత్తు లేచి, పడిన చోట మరి నాలుగింటిని లేపుతుంది, రచ్చబండ దగ్గర వదంతి పాకినట్లు. అలా పోగైన దిబ్బ గాలి వచ్చే వైపు మెల్లని వాలుగానూ, అవతల సుమారు 33 డిగ్రీల ఏటవాలుగానూ నిలుస్తుంది, అంతకు మించితే జారిపోతుంది. సమ్‌లోనూ ఇదే తంతు. అయినప్పటికీ దర్గా హొన్నూరు దిబ్బ ఎక్కి సూర్యాస్తమయం చూద్దామనే హిందూపురం కుటుంబం అరుదు, ఎందుకంటే ఆ దిబ్బ కింద ఎవరిదో చేను ఉంటుంది, ఆ రైతు గట్టు మీద నిలబడి చూస్తుండగా ఫొటోకు నవ్వడం కష్టం. 2022 ఏప్రిల్ 4న ఈ మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిపోయి, దిబ్బలు మాత్రం పాత జిల్లాలోనే మిగిలిపోవడంతో, సొంత ఎడారి పొరుగు ఎడారిగా మారి దాని పర్యాటక యోగ్యత కొంత పెరిగినట్లే భావించాలి.

ఇక సవారీ సంగతి. ఒంటె మోకాళ్ల మీద కూర్చుని ఉన్నప్పుడు దాని ముఖంలో కనిపించే వైరాగ్యాన్ని చూసి సాధుజంతువని నమ్మి ఎక్కిన వ్యక్తి, అది ముందు వెనక కాళ్లను లేపడంతో మెడ మీదికి ఒరిగి, ఆ పైన ముందు కాళ్లను లేపడంతో వెనక్కు విరుచుకుపడి, రెండు క్షణాల్లో పూర్తి సాష్టాంగానికీ సగం శవాసనానికీ నోచుకుంటాడు. ఎద్దు కూడా వెనక కాళ్ల మీదనే ముందు లేస్తుందని పుట్టినప్పటి నుంచి చూస్తున్న రైతుబిడ్డకు సైతం ఈ జ్ఞానం అక్కరకు రాదు, ఎందుకనగా ఎద్దు లేచేటప్పుడు దాని వీపు మీద ఎవరూ కూర్చుని ఉండరు. కింద నిలబడిన అవ్వ "గట్టిగా పట్టుకోరా నాయనా, దానికి పగ్గం గూడా సరిగా లేదే!" అని అరిచే అరుపును ఒంటెవాడు మెచ్చుకోలుగా గ్రహించి వేగం పెంచుతాడు.

భోజనంలో వడ్డించే బాటీ, అంటే నిప్పుల మీద కాల్చి నేతిలో ముంచిన గోధుమపిండి ఉండ, చల్లారిన రాగి సంగటి ముద్దకు దూరపు చుట్టమని తీర్పు చెప్పి, సంచిలోంచి చెనిక్కాయల పొడి తీయడం ఆచారం. ఆరుబయట నక్షత్రాల కింద పడక అనే దానికి వేరే రుసుము ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి ధర్మవరంలో ప్రతి మిద్దె మీదా అది ఉచితమే. ఎడారి అంటే వేడి అని పలుచటి దుప్పటితో వెళ్లినవారికి, పొడిగాలిలో, మబ్బులేని ఆకాశం కింద, ఇసుక తన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో జనవరిలో అర్ధరాత్రి దాటాక తెలిసివస్తుంది. అక్కడ అప్పుడు 10 డిగ్రీలకు దిగువన ఉండడం మామూలే. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు తరలినప్పుడు విజయనగర పరివారం కూడా కొన్నాళ్లు గుడారాల్లోనే పడుకుని ఉండవచ్చు గాని, దానికి టికెట్టు పెట్టాలనే ఊహ వారికి తట్టలేదు.

తిరిగివచ్చాక ధర్మవరం పట్టుచీర జరీ అంచు మడతల్లోంచి బీరువాలో రాలిన సమ్ ఇసుకను జాగ్రత్తగా గాజుసీసాకెత్తి షోకేసులో నిలిపి, ఆ రోజే గడపలో చేరిన ఊరి ఇసుకను చీపురుతో వీధిలోకి ఊడ్చేస్తారు. ఎప్పుడో పిల్లవాడు ఆ సీసాను పగలగొడితే, గచ్చు మీద ఏది ఏ ఇసుకో తేలక, ఇంటావిడ గాజుపెంకులు మాత్రం ఏరేసి, మొత్తం చేటకెత్తి కొత్త సీసాలో పోసి, చాలని పాటికి వాకిట్లోంచి మరో దోసెడు కలుపుతుంది.