‘తేడా తెలిసిందా?’ – టీకా తాత్పర్య సహితము

మూలము: “ఇక్కడ కూర్చోండి సార్. ఇప్పుడు వినండి. తేడా తెలిసిందా?”

అవతారిక: ఈ వాక్యత్రయమునకు కర్త యెవరో తెలియదు. హై-ఫై ప్రదర్శనలలో స్పీకర్లు, యాంప్లిఫయర్లు, వానిని కలుపు రాగి కేబుళ్లు విక్రయించు సకల వర్తకుల ముఖమునుండియు ఇది తనంత తాను వెలువడుచుండుటచే, దీనిని అపౌరుషేయమనుటయే యుక్తము. 2004లో మ్యూనిక్ చేరి రెండు దశాబ్దములు అచ్చట వెలిగి, పిమ్మట వియన్నాకు తరలిన ‘హై ఎండ్’ అను మహాప్రదర్శనయందైనను, జంషెడ్‌పూర్ నగరమున బిష్టుపూర్ బజారులోని యొక మేడగదియందైనను పాఠభేదములు స్వల్పములు. ఇచ్చట హిందీలో వినబడును, అంతియే. టాటావారి కార్ఖానాలో కొలువులకై ఉత్తరాంధ్రమునుండి వచ్చి, ఇదే బిష్టుపూర్‌లో రామమందిరము నిలిపిన తెలుగువారి సంతతిలో, పదవీ విరమణ సొమ్ము నూతనముగా చేతికందినవారు ఇట్టి గదులలో అడుగిడుచుండుటచే ఈ వ్యాఖ్యానము అవసరమైనది.

టీక: ‘ఇక్కడ’ – ఈ కుర్చీయందే, అన్యత్ర కాదు. ఇందు గొప్ప భౌతిక రహస్యము కలదు. శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. పన్నెండడుగుల పొడవుగల గదిలో ఎదురెదురు గోడల నడుమ 47 హెర్ట్‌జ్ ప్రాంతపు మంద్రస్వరము చిక్కుకొని, గోడలచెంత ఉబ్బి, నట్టనడుమ నశించును. కుర్చీని గోడకు చేర్చినచో మృదంగము గర్జించును, నడిమికి లాగినచో అదే మృదంగము మూగవోవును. యంత్రము మాత్రము మారలేదు. వర్తకుడు తన గదిలో ఆ చోటు వెదకుటకు ముందురాత్రియెల్ల జాగరణ చేసియుండును. మన క్వార్టరులో ఆ చోట బీరువా యుండును.

‘కూర్చోండి’ – సులభము.

‘సార్’ – సంబోధన. వెల ఎంత హెచ్చిన, ఇది అంత దీర్ఘముగా పలుకబడును.

‘ఇప్పుడు’ – సూత్రమునకు ఇదియే ప్రాణము. ‘ఇప్పుడు’ అనుటకును దానికి ముందటి ‘అప్పుడు’నకును నడుమ వర్తకుని వ్రేలు ఒక మీటపై కొంచెము తిరిగినదేమో యని విజ్ఞులు శంకింతురు. రెండవమారు ధ్వని ఒక్క డెసిబెల్ హెచ్చినచో, వినువాడు “బిగ్గరగా నున్నది” అని యనడు. “స్వచ్ఛముగా నున్నది, గాయకుడు ఎదుట నిలిచినట్లున్నది” అనును. దీనికి కారణము చెవి స్వభావమునందే కలదు. 1933లో బెల్ ప్రయోగశాలయందు ఫ్లెచర్, మన్సన్ అను నిద్దరు చూపినట్లు, ధ్వని తగ్గినకొలది మన చెవికి మంద్రస్వరములు త్వరగా అడుగంటును. ధ్వని పెంచినంతనే అవి తిరిగివచ్చి సంగీతమునకు పుష్టి నిచ్చును. అందుచేతనే నిష్పక్షపాతముగ పోల్చువారు రెండు యంత్రముల ధ్వనిని డెసిబెల్‌లో పదవవంతు వరకు సరిచేసి మరీ వినిపింతురు. వర్తకుడు మోసగాడని నా తాత్పర్యము కాదు. అతని చెవియు మన చెవియే గదా, అతడే మొదట నమ్మియుండును.

‘వినండి’ – ఇచ్చట పూర్వపక్షము: వినుటకు శక్తి యుండవలెను గదా? యౌవనమున 20,000 హెర్ట్‌జ్ వరకు అందుకొను చెవి ఏండ్లు గడచినకొలది పైస్వరములను ఒక్కొక్కటిగా వదలుకొనును. పైగా రోలింగుమిల్లు వంటి చోట దశాబ్దములు పనిచేసినవానికి 4,000 హెర్ట్‌జ్ పరిసరమున వినికిడి ముందుగా క్షీణించును; ఇది వైద్యులెరిగిన లక్షణము. పాటలోని హల్లుల స్పష్టతయు, కంజీర గజ్జెల తళుకును ఆ సీమను ఆశ్రయించియున్నవే. చెవి యున్ననాడు సొమ్ము లేదు, సొమ్ము వచ్చిననాడు చెవి లేదు. కావున సూత్రము నిష్ఫలమని పూర్వపక్షి వాదము. సిద్ధాంతి యనును: వినునది చెవి మాత్రమే కాదు. ఉద్యోగమునందున్నన్నాళ్లు యంత్రఘోషయే విన్నవానికి కన్నులు మూసికొని కూర్చుండి ఒక కీర్తనను తుదివరకు వినుటయే నూతనానుభవము; ఆ సుఖము కేబులువలన కలిగినదని అతడు తలచినచో తలచనిండు. ఈ సమాధానము దయగలది. బిల్లు విషయమున మాత్రము నేను పూర్వపక్షి పక్షమే.

‘తేడా’ – 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహ ప్రయోగశాల ఈ యూరనే కలదు. లోహపరీక్షలో ఉక్కు కడ్డీని యంత్రము తెగువరకు లాగి, తెగినచోటి బలమును అంకెగా చెప్పును. కడ్డీ వెల ఎంతయని అడుగదు. అట్టి నగరమున, రాగితీగ యొకటి మరియొకదానికంటె ‘మధురము’ అనుమాటకు అంకె అడుగువాడు లేకపోవుట నాకు విస్మయము. స్పీకర్ల నడుమ తేడా నిజముగా కలదు, కొలతకు నిలుచును; గదుల నడుమ తేడా అంతకంటె పెద్దది; తీగల నడుమ తేడా బిల్లునందు సుస్పష్టము.

‘తెలిసిందా’ – ఆకారమున ప్రశ్న, అర్థమున ఆజ్ఞ. తెలియలేదన్నవానికి “ఇంకోసారి వినండి సార్” అను ప్రాయశ్చిత్తము విధింపబడును. తెలిసినదనువరకు పాట ఆగదు.

తాత్పర్యము: ఓయీ శ్రోతా! నేను నిర్ణయించిన చోట, నేను నిర్ణయించిన ధ్వనిలో, నేను ఎన్నిన పాట విని, నేను చెప్పినది ఒప్పుకొనుము.

పాఠకులారా, కొనదలచినచో రెండు పెట్టెల ధ్వనిని మీటరుతో సరిచేయించి, వానిపై గుడ్డ కప్పించి, మీవెంట తెచ్చిన పాటనే వేయుమని అడుగుడు. ఒప్పుకొనని దుకాణమున చాయ్ త్రాగి వచ్చేయుడు.