చప్పట్లకే దారి

గోల్కొండ వెళ్తే గైడు మొట్టమొదట చేసే పని ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టడం. ఆ చప్పుడు పైన కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలండీ? మనిషి కిందే ఉంటాడు, చప్పట్లు పైకెళ్తాయి. మధ్యలో ఉన్న సుమారు 360 మెట్ల సంగతి ఎవరూ ఎత్తనక్కర్లేదు.

ఎత్తినా జవాబు సిద్ధంగానే ఉంటుంది: "చారిత్రక కట్టడం సార్, మేకు కూడా కొట్టకూడదు." నిజమే. సుల్తానులు ఆ కొండ మీదికి పల్లకీలో వెళ్లేవారని అదే గైడు చెప్తాడు. అంటే అందరికీ అందే పర్యాటకం కుతుబ్ షాహీల నాడే ఉందన్నమాట. కాకపోతే లబ్ధిదారుల జాబితాలో ఒక్క కుటుంబమే ఉండేది. ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ గోల్కొండకు ముత్తాతలాంటిది, దాదాపు రెండున్నర వేల ఏళ్ల నాటి పాలరాయి. ఆ కొండకు 2020 డిసెంబరులో కొత్త లిఫ్టు పెట్టేశారు. గ్రీకులకు చరిత్ర అంటే బొత్తిగా గౌరవం లేదు.

సరే, కోటల జోలికి వద్దు. మొన్న మొన్న కట్టినవాటి దగ్గరకే వద్దాం. ఓ ఊళ్లో చెరువు గట్టు మీద పర్యాటక కేంద్రం ఉంది. ఊరి పేరెందుకు, మీ ఊరే అనుకోండి. లోపలికి వెళ్లాలంటే మూడు మెట్లు, అడుగున్నర ఎత్తు. ర్యాంపు లెక్క ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆ ప్రకారం పద్దెనిమిది అడుగులు కావాలి. మన కాంట్రాక్టరు నాలుగడుగుల్లో చుట్టేశాడు. పైన నున్నటి గ్రానైటు, ముఖం చూసుకోవచ్చు. ఎక్కడమే కష్టం, దిగడం మాత్రం రెప్పపాటులో అయిపోతుంది. ర్యాంపు మొదట్లో బైకులు రాకుండా నిలువుగా ఓ ఇనప గొట్టం పాతారు. బైకులు పక్కనుంచి వస్తూనే ఉన్నాయి. ఆగింది చక్రాల కుర్చీ ఒక్కటే.

వికలాంగుల టాయిలెట్టు కూడా ఉందండోయ్. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ, లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర ఉంటుంది, సూపర్‌వైజర్ భోజనానికి వెళ్లి ఉంటాడు. చూపులేనివాళ్ల కోసం వేసిన పసుపు పలకలు తిన్నగా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గర ఆగుతాయి.

ఇన్ని ఏర్పాట్లున్నా ఎవరైనా నసిగితే సెక్యూరిటీ అబ్బాయి నొచ్చుకుంటాడు. "మేమున్నాం కద సార్, నలుగురం కలిసి ఎత్తుకుపోతాం!" ఆ అబ్బాయి మంచివాడే, తప్పు పట్టలేం. కానీ నలుగురు మోసే యోగం మామూలుగా మనిషికి ఒక్కసారే పడుతుంది. దాన్ని బతికుండగానే, అదీ టికెట్టు కొనుక్కుని మరీ అనుభవించాలంటే ఎలా?

చట్టం లేదా అంటే భేషుగ్గా ఉంది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, మరుసటేడు నిబంధనలొచ్చాయి. జనం వచ్చిపోయే పాత భవనాలను ఐదేళ్లలో దారికి తెమ్మన్నారు. ఆ గడువు 2022లోనే తీరిపోయింది, కనీసం సంతాపం తెలిపినవాళ్లు లేరు. 2005లో వేసిన ఒక వ్యాజ్యంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు అసలు గుట్టు విప్పింది. ప్రమాణాలైతే ఉన్నాయి గానీ, నిబంధనల్లో అవి సలహాల్లా మిగిలాయట. తప్పనిసరి ప్రమాణాలను విడిగా తేల్చి మూడు నెలల్లో తేవాలంది కోర్టు. మన దగ్గర సలహా అంటే తెలిసిందేగా, పెళ్లిలో పెద్దాయన వంటవాడికి చెప్పే మాట. విన్నట్టు తలూపుతారు, ఉప్పు మాత్రం వాళ్లకు తోచినంతే.

అలాగని అధికారుల చిత్తశుద్ధిని శంకించకూడదు. డిసెంబరు 3, ప్రపంచ వికలాంగుల దినోత్సవం నాడు ఆ చెరువు గట్టు కేంద్రంలో ఇనప గొట్టానికి బంతిపూల దండ చుడతారు, టాయిలెట్లోంచి చీపుళ్లు ఓ పూట బయటికొస్తాయి. ఈ ఏడాది కొత్తగా సెల్ఫీ పాయింటు కూడా ప్రారంభించారు. 'అందరికీ స్వాగతం' అని నిలువెత్తు అక్షరాలు, రాత్రయితే రంగురంగుల లైట్లు. ఫొటోలో చెరువు బాగా పడాలని అక్షరాలను ఎత్తైన గద్దె మీద నిలబెట్టారు.

గద్దెకు మూడు మెట్లు.